కాయలున్న చెట్టుకే...

కూరగాయల బండి దగ్గర మనకున్నంత తెలివి పెద్ద పెద్ద శాస్త్రవేత్తలకి కూడా ఉండదనుకుంటాను. బెండకాయ కొన విరిచి చూస్తాం. సొరకాయ మీద బండివాడు చూడకుండా గోరు గుచ్చుతాం. వంకాయ తొడిమ చూసి వయసు చెప్తాం. కొబ్బరికాయని చెవి దగ్గర పెట్టుకుని ఊపి లోపల నీళ్ళెన్నో లెక్క కడతాం. ఇంత పరీక్షా ఒక పూట కూర కోసమే. ఇవాళ తెచ్చింది బాగాలేకపోతే రేపు ఇంకో బండి వస్తుంది. ఎంపికలో పొరపాటు జరిగినా ఆ పూట భోజనంతో సరి.

చెట్టు సంగతి అలా కాదు. ఇవాళ ఎన్నుకున్న మొక్క నాలుగేళ్ళకో, ఎనిమిదేళ్ళకో కాస్తుంది. కాసేనాటికి మన నాలుక ఇలాగే ఉంటుందో లేదో, ఇంట్లో ఇంతమంది ఉంటారో లేదో, అసలు ఆ ఇల్లు మనదే అయి ఉంటుందో లేదో! అందుకే పళ్ళమొక్క కొనడానికి వెళ్ళినవాళ్ళు "ఏ రకం మంచిది?" అని అడగడం వింటే నాకు ఆ ప్రశ్న సగంలోనే ఆగిపోయినట్టు ఉంటుంది. మంచిది సరే, ఎవరికి మంచిది? ఈ రెండో సగం గురించే నాలుగు మాటలు చెప్పాలని ఉంది. పూర్వం పెద్దలు ఇలాంటి వాటిని ధర్మసందేహాలన్నారు. మా ఇంట్లో మాత్రం భోజనాల దగ్గర వాదనలంటారు.

మేడ్చల్ అవతల రావల్కోల్‌లో మాకో పది గుంటల నేల ఉంది. మా మామగారు ఉన్న రోజుల్లో కొన్నది. ఆ చుట్టుపక్కల, అంటే మేడ్చల్, శామీర్‌పేట, కీసర వైపు, ఒకప్పుడు ద్రాక్షతోటలకి పెట్టింది పేరు. అనాబ్-ఎ-షాహీ ద్రాక్ష పందిళ్ళ మీద గుత్తులు గుత్తులుగా వేలాడేదట. ఇప్పుడు చాలా పందిళ్ళు పోయాయి. వాటి చోట తెల్ల సున్నం పూసిన హద్దురాళ్ళు మొలిచాయి. 1978లో రంగారెడ్డి జిల్లాలోకి, 2016లో మేడ్చల్-మల్కాజిగిరి జిల్లాలోకి మారినా, ఆ ఎర్ర చల్క నేల మాత్రం తన గుణం మార్చుకోలేదు. నీళ్ళు తక్కువ, ఎండ ఎక్కువ. ఏది పెట్టినా ముందు దాని ఓర్పు చూసి గాని ఒడిలోకి తీసుకోదు.

ఆ పది గుంటల్లో ఇంటికి సరిపడా పళ్ళచెట్లు వేద్దామని పోయినేడు అనుకున్నాం. అనుకున్న మరుక్షణం నుంచి ఇంట్లో తలా ఒక పండు పేరు. మా వారు బంగినపల్లి అన్నారు. దానికి ఎదురు లేదు కనక వెంటనే ఒప్పేసుకున్నాం. అమెరికాలో ఉన్న మా ఆడపడుచు మాత్రం ఫోన్లో ఫోటో పంపి, "వదినా, మా పెరట్లో ప్లమ్ చెట్టు చూడు, ఆకు కనబడకుండా కాసింది. మీరూ ఒకటి పెట్టండి" అంది. ఫోటో చూసి మా అమ్మాయి ప్లమ్ తప్ప ఇంకోటి వద్దని కూర్చుంది. నిజమే, ఎంత అందంగా ఉన్నాయో ఆ పళ్ళు! ఎర్రటి చర్మం మీద తెల్లని బూడిద పూత, కంచిపట్టు మీద వెన్నెల పడ్డట్టు.

ప్లమ్ అంటే మనకి బొత్తిగా తెలియనిదేం కాదు. ఎండబెట్టి ఆల్‌బుఖారా అని పేరు పెడితే హైదరాబాదు వంటిళ్ళకి ఎప్పటినుంచో చుట్టమే. బిర్యానీలో పంటికి తగిలి పుల్లగా పలకరిస్తుంది. పచ్చిపళ్ళు కూడా జూన్, జూలై నెలల్లో హిమాచల్ ప్రదేశ్ నుంచి మన బజార్లకి వస్తాయి. సిమ్లా, కులూ కొండల్లో ఎక్కువగా పండించే రకం పేరు సాంటా రోజా. ఆ పేరు కాలిఫోర్నియాలో ఒక ఊరిది. ఆ ఊళ్ళో లూథర్ బర్బాంక్ అనే మొక్కల మాంత్రికుడు 1885లో జపాన్ నుంచి పన్నెండు ప్లమ్ మొక్కలు తెప్పించుకుని, వాటితో ఏళ్ళతరబడి సంకరాలు చేసి, 1906లో ఈ రకాన్ని లోకానికిచ్చాడు. మన పరమహంస యోగానంద 1946లో అచ్చువేసిన 'ఒక యోగి ఆత్మకథ'ని అంకితమిచ్చింది ఈ బర్బాంక్‌కే. ఆయన కథ మళ్ళీ చెప్తాను, కాస్త గుర్తుంచుకోండి.

అంత గొప్ప చెట్టు రావల్కోల్‌లో ఎందుకు కాయదు? దానికి నిద్ర కావాలి. శీతాకాలంలో ఆకులన్నీ రాల్చేసి ప్లమ్ చెట్టు పడుకుంటుంది. ఏడు డిగ్రీలకి అటూ ఇటూగా ఉండే చలి కొన్ని వందల గంటలపాటు తగిలితేనే ఆ నిద్ర పూర్తవుతుంది. నిద్ర తీరిన మొగ్గ వసంతంలో పువ్వై విచ్చుకుంటుంది. చలి చాలకపోతే చెట్టు చావదు. అదే దాని బాధ. నిద్ర చాలని మనిషిలా మత్తుగా, ఆలస్యంగా, అక్కడో ఆకు ఇక్కడో పువ్వు తొడిగి బతికేస్తుంది. కాపు మాత్రం ఉండదు. మన దగ్గర జనవరి రాత్రి పది డిగ్రీలకి దిగితే స్వెట్టర్లు తీస్తాం, పత్రికల్లో వార్త రాస్తారు. మధ్యాహ్నానికి మళ్ళీ ముప్ఫైకి దగ్గరగా ఎండ. పాపం, ఆ చెట్టు ఎప్పుడు పడుకోవాలి?

ఈ సంగతి చెప్పగానే మా ఇంట్లో అందరూ ఎంత మర్యాదగా ఒప్పుకున్నారో! "అవునవును, దాని వాతావరణం దానికుండాలిగా. మన సరదా కోసం దాన్ని కష్టపెట్టడం ఎందుకు?" అన్నారు మా వారు. చాలా న్యాయమైన మాట. నాకు మాత్రం ఒక ఆలోచన వచ్చింది. చెట్టుకి మనం ఇంత సులువుగా ఇచ్చే న్యాయం ఆడపిల్లకి ఎన్ని తరాలుగా ఇచ్చాం? "ఎక్కడ నాటితే అక్కడ వేళ్ళూనుకోవాలమ్మా, సర్దుకుపోవాలి" అని చెప్పే కదా పంపించాం. ఆమెకి ఏ చలి కావాలో, ఎన్ని గంటల మౌనం కావాలో, ఏ పుస్తకం, ఏ పాట, ఏ స్నేహం ఉంటే ఆమె మొగ్గ విచ్చుకుంటుందో ఎవరడిగారు? ఆమె కూడా చావలేదు. అక్కడో ఆకు ఇక్కడో పువ్వు తొడుగుతూ బతికింది. చూసినవాళ్ళు "బాగానే ఉందిగా" అనుకున్నారు. కాపు లేదన్న సంగతి చెట్టుకి తప్ప ఎవరికి తెలుస్తుంది?

సర్దుకుపోవడం గొప్ప గుణమే, కాదనను. కానీ దాన్ని ఒకరికే నియమంగా పెట్టి, రెండోవారికి రుచులూ సౌకర్యాలూ పెట్టడమే అన్యాయం. మంచి ఎంపికకి మొదటి సూత్రం ఇదేనేమో: నాకు అది కావాలా అని అడిగేముందు, నా దగ్గర అది బాగుంటుందా అని అడగడం.

సరే, ప్లమ్ పోయింది. మరి మన ప్లమ్‌లేవి? ఇంగ్లీషువాళ్ళు గుండ్రంగా ఉండి లోపల గింజ ఉన్న పండు కనబడితే చాలు, ప్లమ్ అని పిలిచేశారు. మన రేగుపండు వాళ్ళకి ఇండియన్ ప్లమ్. మన నేరేడు జావా ప్లమ్. ఇంటిపేరు ఒకటి తగిలించారు గాని, వీటికి చుట్టరికమే లేదు. ప్లమ్ గులాబీ కుటుంబంలోది. రేగుది వేరే వంశం. నేరేడేమో జామకీ లవంగానికీ దాయాది. అయినా పేరు కలిసింది కదా అని, ప్లమ్ ఆశపడ్డ చోట రేగూ నేరేడూ వేద్దామన్నాను.

మా నేల చూసుకునే ఆమె పక్క వీధిలోనే ఉంటుంది. ప్లమ్ కథంతా విని నవ్వింది. "గీ నేలల సీమ పండ్లెందుకమ్మా? రేగు పెట్టుండ్రి. నీళ్ళు పొయ్యకున్నా బతుకుతది" అంది. శాస్త్రవేత్తలు చెప్పేదీ ఇదే. లోతుకి వేళ్ళు దించి, ఎండాకాలంలో ఆకులు రాల్చి, వానలకి చిగిర్చి, చలికాలంలో పండిచ్చే చెట్టు మెట్ట నేలకి వరం. ప్లమ్ చలికి పడుకుంటే, మన రేగు ఎండకి పడుకుంటుంది. ఎవరి నిద్ర వారిది.

కానీ రేగులోనూ ఒక రకమా? నర్సరీలో చెప్పిన పేర్లు వింటే తల తిరిగింది. ముందుగా పండే గోలా, తరవాత కైథలీ, బనారసీ కరాకా, చివర్లో వచ్చే ఉమ్రాన్. ఈ మధ్య ఎక్కడ చూసినా కనబడే ఆపిల్ బేర్ సరేసరి, చేతికి నిండుగా పచ్చగా నిగనిగలాడుతూ ఉంటుంది. వీటన్నిటి వెనకా మన గంగరేగు, నాటు రేగు. నర్సరీ అతను ఆపిల్ బేర్ కాయ ఒకటి కోసి చేతిలో పెట్టాడు. కరకరమంటోంది, నీళ్ళూరుతోంది, పురుగు లేదు, పులుపు లేదు, వగరు లేదు. ఏ లోపమూ లేని పెళ్ళికొడుకులా ఉంది. ఏం మాట్లాడాలో తోచదు చూడండి, అలాగన్నమాట.

నాటు రేగుపండు గోళీకాయంత. అందులో సగం గింజ. పులుపు, తీపి, వగరు మూడూ ఒకేసారి నాలుక మీద పేచీ పెట్టుకుంటాయి. కానీ రేగు వడియాలు పెట్టాలంటే అదే కావాలి. మిరపకాయ, ఉప్పు, బెల్లం, జీలకర్ర వేసి రోట్లో తొక్కితే వచ్చే ఆ వాసన ఉమ్రాన్‌కి రమ్మన్నా రాదు. ఇక భోగినాడు పిల్లల తలమీద పోయాలంటే? ఆపిల్ బేర్ పోస్తే బిడ్డ దీర్ఘాయుష్షు మాట దేవుడెరుగు, ముందు నెత్తి బొప్పి కడుతుంది! అప్పుడర్థమైంది నాకు, మంచి రకం అనేది కాయలో ఉండదని. ఆ కాయతో ఏం చెయ్యదలుచుకున్నామన్న దాంట్లో ఉంటుంది. తినడానికి ఒకటి, పచ్చడికి ఒకటి, పండక్కి ఒకటి. మనుషుల విషయంలో మాత్రం ఒకే తక్కెడ పట్టుకుని అందర్నీ అందులో తూచి, తూగనివాళ్ళని పక్కన పెట్టేస్తాం.

ఇంకో విచిత్రం వినండి. ఆ గొప్ప రకాలన్నీ పుట్టేది నాటు రేగు మీదే. ముందు నాటు గింజ నాటి మొక్క చేస్తారు. దాని కాండం మీద ఉమ్రాన్ కన్నో గోలా కన్నో అతికిస్తారు. భూమిలోకి దిగి నీళ్ళు వెతికేది నాటు వేరు. పైన పేరు మాత్రం ఉమ్రాన్‌ది. అతుకు కిందినుంచి నాటు చిగురు వస్తే ఎప్పటికప్పుడు తుంచెయ్యాలి, లేకపోతే అదే చెట్టయి కూర్చుంటుంది. పైకి కనబడని వేరు మీద నిలబడ్డ ఇళ్ళు మీకూ తెలుసుగా. నేను వేరే చెప్పక్కర్లేదు.

ఇప్పుడు బర్బాంక్ దగ్గరికి వద్దాం. ఒక మంచి ప్లమ్ కోసం ఆయన వేల మొక్కలు పెంచేవాడు. వరసల వెంట నడుస్తూ ఒకటో రెండో ఏరుకునేవాడు. మిగిలినవన్నీ పీకించి, కుప్పలు పోయించి, తగలబెట్టించేవాడు. చెట్ల విషయంలో అది తప్పనను. లేకపోతే ఆ పండు మనకి దక్కేది కాదు. కానీ మా అమ్మాయి ఇంటర్ రెండో సంవత్సరం చదువుతోంది. పరీక్షల సీజన్లో దాని స్నేహితురాళ్ళ మొహాలు చూస్తుంటే నాకు ఆ మంటలే కళ్ళముందు కనబడతాయి. వేలమందిని వరసల్లో కూర్చోబెట్టి, ఒకరిద్దరి ఫోటోలు పేపర్లో వేసుకుని, మిగిలినవాళ్ళని ఏం చేస్తున్నాం మనం? ఏరుకోవడం మొక్కల్లో నేర్పు. పిల్లల్లో అదే నేర్పు చూపిస్తే దానికి వేరే పేరుంది.

పైగా ఏరుకున్న ఆ ఒక్కటీ ఒంటరిగా ఏం సాధిస్తుంది? జపాన్ జాతి ప్లమ్ రకాల్లో చాలావాటికి సొంత పుప్పొడి పనికిరాదు. పక్కన వేరే రకం ఉండాలి, తేనెటీగ అటూ ఇటూ తిరగాలి, అప్పుడే కాయ పడుతుంది. రేగులోనూ చాలా రకాలది ఇదే తీరు. మామిడిలో దశేరీ కూడా అంతే. తోటంతా అన్నిటికంటే మేలైన ఒకే రకంతో నింపితే పువ్వు బాగా పూస్తుంది, కాయ మాత్రం నిలవదు. మనం "ఇది రెండో రకం" అని తోసేసినదే పక్కన నిలబడి మొదటి రకాన్ని తల్లిని చేస్తుంది. ప్రకృతి ఇంతకన్నా స్పష్టంగా ఇంకేం చెప్పాలి?

ఎంపిక అనగానే మనకి శబరి గుర్తు రాక మానదు. వాల్మీకి రామాయణంలో ఎంగిలి ముచ్చట లేదు. పంపాతీరంలో ఏరి ఉంచిన అడవి పళ్ళూ కాయలూ రాముడికి సమర్పించిందని మాత్రమే ఉంది. కొరికి రుచి చూసి పెట్టిందన్నది తరవాత జనం కల్పించుకున్నది. జనం ఊరికే కల్పించరు. రేగుచెట్టు మీద తియ్యని పండు ఏదో, పుల్లని పండు ఏదో చూపుతో తెలియదు. కొరికితేనే తెలుస్తుంది. కొరికితే ఎంగిలి. ఆ ముసలమ్మ పుల్లటివి తను తిని, తియ్యటివి దాచింది. లోకంలో ఇంతకన్నా జాగ్రత్తగా పళ్ళు ఎన్నుకున్నవాళ్ళు లేరు. అయితే ఆ ఎన్నిక తన నాలుక కోసం కాదు. ఎవరి కోసం అన్న ప్రశ్నకి జవాబు ముందు తెలుసు కనక ఏది అన్న ప్రశ్న ఆమెకి తేలికైపోయింది.

మా ఇంట్లో అంత తేలిక కాలేదు. కారణం మా అత్తయ్యగారి నేరేడు చెట్టు.

మేమంతా రకాల గురించి వాదించుకుంటున్న రోజుల్లోనే ఆవిడ జూన్‌లో బండి మీద కొన్న నేరేడుపళ్ళు తిని, నాలుగు గింజలు కడిగి, పాల ప్యాకెట్లో మట్టి నింపి గుచ్చేసింది. నేరేడు గింజ నిలవ ఉండదు, పండు తిన్న కొద్ది రోజుల్లో నాటకపోతే మొలవదు. ఆ సంగతి ఆవిడకి ఏ పుస్తకమూ చెప్పలేదు. వర్షాలు బాగా పడేసరికి రెండు మొక్కలు తలెత్తాయి. "రావల్కోల్‌లో గోడ పక్కన వేద్దాం" అంది ఆవిడ, ముహూర్తం పెట్టేసినట్టు.

మా వారు ససేమిరా అన్నారు. ఆయన మాటల్లో అబద్ధం ఒక్కటీ లేదు. గింజ మొక్క కాపుకి రావడానికి ఎనిమిది పదేళ్ళు పడుతుంది. పెరిగితే పెద్ద వృక్షం, ముప్ఫై అడుగుల జాగా తినేస్తుంది. పండు ఎలాంటిదో తెలియదు, కండ ఉంటుందో గింజే ఉంటుందో. రాలిన పళ్ళతో నేలంతా ఊదారంగు మరకలు. "అంతగా కావాలంటే అంటు మొక్క తెద్దాం. లక్నోలో పరిశోధనా సంస్థవాళ్ళు తీసిన జామ్‌వంత్ అనే రకం ఉందట, గింజ చిన్నది, కండ ఎక్కువ. కొంకణ్ బహడోలీ ఉంది, గోమా ప్రియాంక ఉంది. త్వరగా కాస్తాయి, పొట్టిగా ఉంచుకోవచ్చు. ఊరూ పేరూ లేని గింజ ఎందుకమ్మా?" అన్నారు. ఆ తరవాత కొంచెం గొంతు తగ్గించి, "ఎనిమిదేళ్ళకి మనం ఈ స్థలం ఉంచుతామో అమ్ముతామో" అన్నారు.

ఆ చివరి మాటకి ఇంట్లో కాసేపు ఎవరం మాట్లాడలేదు. అత్తయ్యగారికి డెబ్భై ఎనిమిది. ఎనిమిదేళ్ళ లెక్క ఆవిడ ముందు వెయ్యకూడని లెక్క. ఆవిడ మాత్రం ఏమీ నొచ్చుకోలేదు. మజ్జిగ అన్నం కలుపుకుంటూ నెమ్మదిగా అంది.

"పండు కోసమైతే బండి మీద కొనుక్కోనూ? నాకు షుగరు, నాలుగు తింటే ఐదోది మీరు తిననివ్వరు. నేరేడు చెట్టుంటే పిల్లలు వచ్చి రాళ్ళేస్తారు నాయనా. అందుకని. అమ్మాయి అక్కడుంది. రేపు దీన్నీ పంపిస్తారు. గోడ కడతారు, గేటు పెడతారు. ఒక్క రాయి కూడా పడని ఇల్లంటే నాకు భయం."

పండ్లున్న చెట్టుకే రాళ్ళ దెబ్బలని సామెత. మనం దాన్ని ఎప్పుడూ చెట్టు కష్టంగానే చెప్పుకుంటాం. మంచివాళ్ళకే మాటలు తప్పవని, అలా ఓదార్పుగా వాడతాం. రాయి పడకపోవడం కూడా ఒక కష్టమని, దెబ్బ తగలని చెట్టంటే ఎవరికీ అక్కర్లేని చెట్టని, ఆ రోజు ఆవిడ నోట విన్నాకే నాకు తట్టింది. సంకల్పం చెప్పుకునేటప్పుడు జంబూద్వీపం అంటాం గదా, ఈ నేలకి మనవాళ్ళు పేరు పెట్టుకున్నదే నేరేడు చెట్టు మీద. ఆ చెట్టు చుట్టూ గోడ ఉన్నట్టు ఏ పురాణమూ చెప్పలేదు.

అయితే మా వారి దగ్గర ఇంకో మాట మిగిలే ఉంది, అదే అన్నిటికంటే బరువైనది. నేరేడు కొమ్మ పెళుసు. చూడ్డానికి లావుగా ఉంటుంది, కాలు పెడితే పుటుక్కున విరుగుతుంది. "రాళ్ళేస్తే సరే. ఎక్కి పడితే? పరాయి పిల్లాడు మన చెట్టు మీంచి పడి చెయ్యి విరగ్గొట్టుకుంటే వాళ్ళమ్మకి ఏం చెప్తావు?" అన్నారు. దీనికి కవిత్వంతో జవాబు చెప్పలేం. దయగా ఉండాలనుకోవడం వేరు, ఆ దయ వల్ల ఎవరికీ దెబ్బ తగలకుండా చూసుకోవడం వేరు. రెండోది చెయ్యకుండా మొదటిది మాత్రం చేస్తే అది మన సంతోషం కోసం చేసుకున్నదే అవుతుంది. తలుపులు తీసిపెట్టి, మెట్లు విరిగినవి ఉంచితే, వచ్చినవాళ్ళని పిలిచినట్టా, పడేసినట్టా?

గోడ కట్టి, పైన గాజుపెంకులు గుచ్చి, ఏ పిల్లాడూ రాకుండా చేస్తే ఎవరూ పడరు. అది నిజం. కానీ అలా ఎవరికీ ఏ ప్రమాదమూ జరగని చోట ఎవరికీ ఏ ఆనందమూ కూడా జరగదు. ఈ రెండిటి మధ్య దారి వెతకడమే గృహస్థధర్మం అనుకుంటాను. చూసుకోవాలి, కాపు రోజుల్లో పొద్దున్నే చెట్టు కింద పాత చీరలు పరవాలి, పొడుగు కర్రతో కొమ్మలు దులపాలి, కొమ్మలు అందేటంత ఎత్తులోనే ఉండేట్టు చిన్నప్పటినుంచీ కత్తిరిస్తూ రావాలి. అంటే చెట్టు నాటడంతో అయిపోదు. పిలిచినవాళ్ళని కాచుకునే పని ఏటేటా ఉంటుంది. ఆ పని చేస్తారా అన్నదే అసలు ప్రశ్న. "ఏ రకం" అన్నది ఆ తరవాతే.

మా నేల చూసుకునే ఆమెని కూడా అడిగాను. ఆమెకి ఇద్దరు మనవలు. "పోరలు ఎట్లనన్న ఎక్కుతరమ్మా. గోడుంటె గోడ ఎక్కుతరు, చెట్టుంటె చెట్టెక్కుతరు. గోడ మీద గాజుపెంకులకంటె చెట్టే నయ్యం" అంది. ఇంత సూటిగా మేం నలుగురం కలిసి కూడా ఆలోచించలేకపోయాం.

చివరికి రావల్కోల్‌లో ఏం వేశామో చెప్తాను. ఇంటికి దగ్గరగా రెండు బంగినపల్లి. నీళ్ళు అందని అంచున ఒక గోలా, ఒక ఉమ్రాన్, ఒకదానికొకటి తోడుగా. వాటికి కాస్త దూరంలో ఒక నాటు రేగు, వడియాలకీ భోగికీ. మా వారి మాట నిలిపి ఒక జామ్‌వంత్ అంటు. గోడ పక్కన, బాటకి దగ్గరగా, అత్తయ్యగారి పాల ప్యాకెట్ మొక్కల్లో ఒకటి. రెండోది ఆ మనవల గుడిసె ముందుకు వెళ్ళింది.

అంటు మొక్క ఏం కాస్తుందో మాకు ఇప్పుడే తెలుసు. ఎక్కడో ఉన్న తల్లిచెట్టుకి అది అచ్చు నకలు. గింజ మొక్క ఏం కాస్తుందో దానికే తెలియదు. ఒకదాన్ని మేం ఎన్నుకున్నాం. రెండోది వచ్చింది, రానిచ్చాం. ఇంటికి ఈ రెండు రకాలూ ఉండాలని నాకిప్పుడు గట్టిగా అనిపిస్తోంది. అన్నీ ఎన్నుకున్నవే ఉంటే ఇల్లు దుకాణంలా ఉంటుంది. అన్నీ వచ్చినవే ఉంటే అడవిలా ఉంటుంది. పిల్లల్ని మనం రకం చూసి కనం కదా. వచ్చినవాళ్ళని వచ్చినట్టుగా పెంచుకుంటాం, లేదా పెంచుకోవాలి.

ఇప్పుడు ఆ గింజ మొక్క నా మోకాలి ఎత్తుంది. లేతాకు నలిపితే అప్పుడే నేరేడు వాసన వస్తోంది. అటువైపు గోడ మీద గాజుపెంకులు వద్దని నేనూ అత్తయ్యగారూ ఒక పక్షం. కావాలని మా వారు ఒక్కరే ఒక పక్షం. ఏ వారానికా వారం వాదన నడుస్తోంది. తేలకపోయినా ఫరవాలేదు. మొదటి రాయి పడటానికి ఇంకా ఎనిమిదేళ్ళు టైముంది.